పక్కన ఎవరు కూర్చుంటారని అడిగిన ప్రేమలీల గారు

1957వ సంవత్సరం జూలై నెల పదవ తేదీన శ్రీమతి ప్రేమలీల గారు నెల్లూరులోని మన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సాంఘిక శాస్త్ర అధ్యాపకురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికే భర్తను కోల్పోయి, మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తూ, ప్రైవేటుగా చదివి పట్టా పుచ్చుకొన్న ఆ విదుషీమణి, ఈ 1969 జూన్ ముప్పయ్యవ తేదీన విరమణ పొందుతున్నారు. ఈ సంచికలో వారిని గురించి సంతోషంగా నాలుగు మాటలు వ్రాయాలని సహోద్యోగుల ఆకాంక్ష. కాని వారి ఉద్యోగ జీవితాన్ని యథాతథంగా చెప్పబూనితే సంతోషంతో పాటు ఒక దుఃఖాన్ని కూడా చెప్పక తప్పదు.

వారు రాకపూర్వం మన వద్ద సాంఘిక శాస్త్రమంటే రాజవంశాలూ, యుద్ధాలూ, నదుల పేర్లూను. మొదటి రోజుననే ప్రేమలీల గారు పుస్తకం మూసి, "మీరు రేపు పాఠం చెప్పబోయే గదిలోనే సమాజమంతా కూర్చుని ఉంటుంది. ముందు దాన్ని చూడడం నేర్చుకోండి" అన్నారు. శిక్షణార్థులు అది ఉపన్యాస ధోరణి అనుకొన్నారు. ఆ మాటకు అర్థం మరుసటి సంవత్సరం తెలిసింది.

విడవలూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలకు ఆ ఏడు మన శిక్షణార్థులను బోధనాభ్యాసం కోసం పంపారు. ప్రధానోపాధ్యాయులు జయరామయ్య గారు సౌమ్యులు, పిల్లలమీద చేయి చేసుకోని మనిషి. "మా బళ్ళో ఎవురినీ వేరుగా కూర్చోబెట్టేది లేదమ్మా. అందరూ ఒకటే" అని ఆయన గర్వంగా చెప్పారు. ప్రేమలీల గారు కాదనలేదు. పిల్లలను ఒక్కొక్కరినే వసారాలోకి పిలిచి, "నీ పక్కన ఎవరు కూర్చుంటే నీకు ఇష్టం?" అని మాత్రం అడిగారు.

నెల్లూరికి తిరిగి వచ్చిన తరువాత పిల్లల పేర్లన్నీ నల్లబల్లమీద వ్రాసి, ఎవరు ఎవరిని కోరుకొన్నారో గీతలు గీయమన్నారు. గీతలన్నీ పూర్తయ్యాక ఒక్క పేరు మాత్రం ఒంటరిగా మిగిలింది. ఆ పేరు పెంచలమ్మ. ఊరి చివర సరుగుడు తోటకు కాపలా ఉండే యానాది కుటుంబపు బిడ్డ. ఆమెను ఎవరూ కోరుకోలేదు. ఆమె కూడా ఎవరినీ కోరుకోలేదు. కారణమేమని వసారాలో బుజ్జగించి అడిగినప్పుడు ఆ బిడ్డ తల వంచుకొని, "నేను పేరు జెప్తే ఆ పిల్లని వాళ్ళమ్మ కొడతాది" అన్నది. ప్రేమలీల గారు ఆ మాటను తరగతిలో ఉన్నదున్నట్టు చెప్పారు.

అప్పటి శిక్షణార్థి, ఇప్పటి మన సహాధ్యాపకుడు హజరత్తయ్య గారు లేచి, "కులం అమ్మా, ఇంకేముంది!" అన్నారు.

"ఆ సంగతి అందరికీ తెలుసు నాయనా. అది ఆ గదిలోకి ప్రతిరోజూ ఏ దారిన వస్తున్నదో చూసి రండి. దారి తెలిస్తేగదా అడ్డుకొనేది" అన్నారు ప్రేమలీల గారు.

శిక్షణార్థులు తరగతి వెనుక కూర్చుని కొన్నాళ్ళు ఊరక చూశారు. ఉదయం మిగతా పిల్లలు ఎక్కాలు చదువుతుంటే పెంచలమ్మ వసారా ఊడ్చేది. దాహమైతే దోసిలి పట్టి నిలబడేది. కుండ ముట్టే అలవాటు ఆమెకు లేదు. పాఠం అప్పజెప్పించుకోవడంలో ఆమె వంతు చివరిది, అంతలోనే గంట కొట్టేవారు. ఇది విన్న జయరామయ్య గారు నివ్వెరపోయారు.

"నేను ఆ బిడ్డని కొట్టలేదు, తిట్టలేదు గదమ్మా!"

"నిజమే మాస్టారూ. అందుకే మీకు కనపడలేదు" అన్నారు ప్రేమలీల గారు.

మరునాటి నుంచి జయరామయ్య గారు ఊడ్చే పని పిల్లలందరికీ వంతులవారీగా పంచారు. కుండ దగ్గరికి అందరినీ రానిచ్చారు. ఊరు భగ్గుమన్నది. కొందరు పిల్లలను మాన్పించారు. ఫిర్యాదు పైకి వెళ్ళింది. ఒక అధికారి ప్రేమలీల గారిని పిలిపించి, "మీరు పాఠాలు చెప్పడానికి వచ్చారా, ఊళ్ళో తగవులు పెట్టడానికి వచ్చారా?" అని గద్దించారు.

"తగవు ముందునుంచీ ఉన్నదండీ. ఒక్క బిడ్డే పడుతూ వచ్చింది గనుక ఎవరికీ వినపడలేదు" అని వారు వినయంగానే బదులు చెప్పారు. ఉద్యోగం పోతుందేమోనని మేమందరం భయపడ్డాం. అధికారి స్వయంగా వచ్చి బడి చూసి, ఆ ఏర్పాటును కొనసాగనిచ్చారు. జయరామయ్య గారు ఇల్లిల్లూ తిరిగి, మానిన పిల్లలను ఒక్కొక్కరినే తిరిగి తెచ్చుకొన్నారు.

ఇసుకలో ఊరి పటం చేసే పనిలో పెంచలమ్మకు వెంకటశేషమ్మ అనే రైతుబిడ్డతో జత కుదిరింది. ఇద్దరూ కాలువ ఎటు వంగాలో పోట్లాడుకొని మళ్ళీ నవ్వుకోవడం చూసి, ప్రేమలీల గారు ఆ రోజంతా సంబరపడ్డారని హజరత్తయ్య గారు ఇప్పటికీ చెబుతారు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలువలేదు. వానలు వెనుకబట్టాక సరుగుడు తోట యజమాని చెట్లు కొట్టించి అమ్మేశాడు. తోట లేనప్పుడు కాపలా ఎందుకు? గుడిసె తీసేయమన్నారు. పెంచలమ్మ కుటుంబం ఎటు వెళ్ళిందో ఊళ్ళో ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు.

సంవత్సరాంతంలో మళ్ళీ అదే ప్రశ్న పిల్లలను అడగవలసి వచ్చింది. ఈసారి వసారాలో కూర్చుని అడిగినవారు హజరత్తయ్య గారు. వెంకటశేషమ్మ తడుముకోకుండా పెంచలమ్మ పేరు చెప్పింది.

"ఆ పాప ఇప్పుడు లేదు గదమ్మా. ఇంకొకరి పేరు చెప్పు."

"వస్తాది గదా సార్. వచ్చినంక చోటు లేకుంటే యాడ కూసుంటాది?"

ఆ వెనుక వచ్చిన మరి కొందరు పిల్లలూ అదే పేరు చెప్పారు. తలుపు పక్కన నిలబడి వింటున్న ప్రేమలీల గారు పైటచెంగుతో ముఖం కప్పుకొని బయటికి వెళ్ళిపోయారు.

అది మొదలు వారి సెలవుదినాలు ప్రయాణాలయ్యాయి. అటు మనుబోలు దాకా, ఇటు సముద్రతీరం పొడవునా, తోట కాపలా గుడిసెలు కనబడిన ప్రతిచోటా బస్సు దిగి నడిచి వెళ్ళి అడిగారు. "ఏ పెంచలమ్మ అమ్మా? మాకు ఇంటికొక పెంచలమ్మ ఉండాది" అని నవ్వేవారు ఆ తల్లులు. వెతికిన బిడ్డ దొరకలేదు. ఏ గుడిసె ముందు చూసినా బడి లేని బిడ్డలు దొరికారు. చేరబోతే కొత్త ఊరి బడివారు మునుపటి బడి నుంచి బదిలీ కాగితం తెమ్మని వారిని వెనక్కి పంపేవారట. రాత్రికి రాత్రి గుడిసె పీకించుకొన్నవారికి కాగితమెక్కడిది?

ఆ కుటుంబాలను గురించి ప్రేమలీల గారు తమ శిక్షణార్థులతో కలిసి కొన్ని సంవత్సరాలపాటు సాగించిన పరిశీలన, ఆవేశంతో గాక ఆధారాలతో వ్రాసి ప్రభుత్వానికి అందజేసిన నివేదిక, చివరకు ఫలితమిచ్చింది. వలసవచ్చిన బిడ్డను కాగితం అడగకుండా ఏ నెలలోనైనా చేర్చుకోవచ్చునని ఈ ప్రాంతపు బడులకు అనుమతి లభించింది. నేడు ఆ విధంగా చదువుకొంటున్న పిల్లలు తీరమంతటా ఉన్నారు.

అభినందించబోతే మాత్రం వారు ఒప్పుకోరు. "బళ్ళో ఆ బిడ్డ చోటు చూశాం గాని, ఆ గుడిసె ఎవరి నేలమీద ఉన్నదని అడగలేదు. ఆ ప్రశ్న కూడా మన శాస్త్రంలోదే. ముందు అడిగి ఉంటే ఇంత నేల కోసం అర్జీ అయినా పెట్టేవాళ్ళం" అని మొన్నటి చివరి తరగతిలో కూడా అన్నారు. ఆ గుడిసె పోయిన నాటి నుంచి మన శిక్షణార్థులు ఏ ఊరు వెళ్ళినా మొదట ఆ ప్రశ్న అడిగి వస్తున్నారు.

సన్మాన సభకు ఆహ్వానించడానికి హజరత్తయ్య గారు వెళ్ళినప్పుడు ప్రేమలీల గారు సామాను సర్దుకొంటున్నారు. విరమణానంతరం విడవలూరులో చిన్న ఇల్లు అద్దెకు తీసుకొన్నారట. "ఇంక విశ్రాంతి తీసుకోండమ్మా" అంటే, "సభ తొందరగా ముగించు నాయనా, సాయంత్రం బస్సు అందుకోవాల. సముద్రపు కరకట్ట మీద కొత్తగా గుడిసెలు వేసినారంట" అన్నారు.

ఆ బస్సు వారికి ఇంకా ఎన్నో సంవత్సరాలు అందుతూ ఉండాలని, ఇసుకదారిన నడిచే ఆ పాదాలకు బలమూ, బిడ్డల ముఖాలు పోల్చుకొనే ఆ కన్నులకు చూపూ తరగకుండా ఉండాలని, ఆయురారోగ్యాలతో చిరకాలం జీవించి, ఏదో ఒకనాడు ఏదో ఒక గుడిసె ముందు తాము వెతికే మనిషి స్వయంగా ఎదురువచ్చి "అమ్మా" అని పిలిచే భాగ్యం వారికి కలగాలని భగవంతుని ప్రార్థిస్తున్నాం.