శ్రీరంగప్ప కాళ్లు కడిగిన దేశం

ఎనభై ఐదో సంవత్సరం, ఎండాకాలం. పట్టుచీరల ప్రదర్శనలో మగ్గం నేసి చూపించమని సర్కారోళ్లు పంపిస్తే ధర్మవరం శ్రీరంగప్ప ఫ్రాన్సు దేశం పోయి, నెల దినాల తర్వాత ఆ పొద్దే తిరిగి ఇల్లు చేరినాడు. ఆడ కాళ్లు కడిగినారనే మాట గడప కాడనే నోరు జారినాడు. పెండ్లాం ఆంజినమ్మ సంగటి పెట్టి, ఆ కత వినేదానికి ఎదురుగా కూచుంది.

“నవ్వకుండా వింటానంటేనే చెప్తా.”

“నవ్వనప్పా. కాళ్లు కడిగినారా?”

“కడిగినారు.”

“ఎవురివి?”

“నావే.”

“తెల్లోళ్లా?”

“తెల్లోళ్లే. మోకాళ్ల మీద కూచోని.”

“అయ్యో సామీ! ఈ కాళ్లా? పగుళ్లలో మగ్గం గుంత మన్నంతా ఉండాది గదప్పా!”

“చూడు, అప్పుడే మొదలుపెట్టినావు.”

“నవ్వు గాదు, దగ్గు. మొదట్నుంచి చెప్పు.”

“ఆడ ఒక పెద్ద హాల్లో నన్ను మగ్గం మీద కూచోబెట్టినారు. వచ్చేటోళ్లు వస్తాండ్రి, చూసేటోళ్లు చూస్తాండ్రి. ఒక సిస్టరమ్మ మాత్రం కదల్లేదు. శానాసేపు నిలబడుకోని, మా ఇంట్లో గూడా మగ్గం ఉండాది, మావోళ్లూ నేస్తారు, వచ్చి చూడమనె.”

“నీకు వాళ్ల మాట ఎట్లా తెలిసె?”

“దుబాసీ ఉండె లే. పాండిచ్చేరి అరవాయన. సగం తెలుగు, సగం అరవం.”

“పోతివి.”

“పోతి. పెద్ద ఇల్లు. గోడకు ఏసుసామి పటం, కింద పొడుగాటి బల్ల. ఆ ఇంట్లో అంతా పెద్దోళ్లే. వయసుకు పెద్దోళ్లు, మతికి...”

“మతికి?”

“మతికి పసిబిడ్డలు.”

“అంటే మన...”

“నేనెవురి పేరూ చెప్పలేదు.”

“నేనూ చెప్పలేదే!”

“వాళ్లతోపాటు మామూలోళ్లు గూడా ఆ ఇంట్లోనే ఉంటారు. దేవుని పని అనుకోని. ఒకే పొయ్యి, ఒకే బల్ల. ఎవురు ఎవుర్ని చూసుకుంటాండారో నాకు సాయంత్రం దాకా తెలీలే.”

“ఆస్పత్రి మాదిరా?”

“ఆస్పత్రి గాదు. తలుపులకు బయటి గొళ్లెమే లేదు.”

“ఊఁ.”

“ఏమి, ఊఁ?”

“ఏం లేదు. ఇంగో ముద్ద పెట్టేదా?”

“చాలు. అవునే, ముత్యాలు యాడ? కనపడడే?”

“పోయేటప్పుడు మీ తమ్మున్ని ఏం జేయమని చెప్పి పోతివి?”

“మన యశోద పెండ్లి అయ్యేదాకా యాడికి ఊర్లో మా అక్క కదిరక్క కాడ పెట్టమని.”

“గుత్తి గంగాధరప్పకు ఏం చెప్తివి? కాబోయే వియ్యంకునికి?”

“తమ్ముడు సూరత్ మిల్లులో ఉండాడని.”

“మల్ల నన్నడుగుతావే?”

“ఊరికే అడిగితి.”

“ఊరికే అడిగేటోళ్లకు నేను చెప్పను. కాళ్ల కత చెప్పు.”

“ఆ పొద్దు బేస్తవారం. వాళ్లకేదో పండగ దగ్గరికొచ్చింది. అందరినీ కుర్చీల్లో గుండ్రంగా కూచోబెట్టిరి. దుబాసీ బీడీ కాల్చేదానికి బయటికి పాయె. ఒకాయన తాంబాళం తెచ్చి నా ముందర పెట్టె. నా కాళ్లు పట్టుకోని దాంట్లో పెట్టె. పక్కన ఒకామె తెల్ల టవలు పట్టుకోని, తల వంచుకోని నిలబడుకునింది.”

“తల వంచుకోనా?”

“అదే గదా నా కొంప ముంచింది! నువ్వే చెప్పు, నేసేది పెండ్లి చీరలు, చూసేది పెండ్లిండ్లు. మొగోన్ని కుర్చీలో కూచోబెట్టి, తాంబాళంలో కాళ్లు పెట్టి కడిగేది ఎప్పుడు?”

“అయ్యయ్యో... కన్యాదానం!”

“దగ్గు ఎక్కువైనట్లుందే.”

“ఏం జేస్తివప్పా?”

“ఎగిరి నిలబడితి. నీళ్లంతా ఆయప్ప మీద పడె. ‘అయ్యా, నాకు పెండ్లయింది, ఇంట్లో ఆంజినమ్మ ఉండాది, పెండ్లీడు బిడ్డ ఉండాది, నన్నిడిచిపెట్టండి’ అని అరిస్తి.”

“తెలుగులోనా?”

“ఇంగేం వస్తాది నాకు?”

“పెండ్లికూతురు ఎట్లుండె?”

“అరవై దాటింటాయి. ముందరి పండ్లు లేవు.”

“ఓహో, అందుకే వద్దంటివి!”

“నీ నోట్లో మన్నుపడ. దుబాసీ పరిగెత్తుకోనొచ్చి నా మాట వాళ్లకు చెప్తే ఇల్లంతా ఒకటే నవ్వు. ఆ పండ్లు లేనామె అందరికంటే ఎక్కువ నవ్వె. ఏసుసామి శిష్యుల కాళ్లు కడిగిన రోజంట అది. కడిగించుకున్నోడు పక్కోనివి కడగాలంట. అది వాళ్ల ఆచారం.”

“నువ్వూ కడిగితివా?”

“కడిగితి. నా పక్కన ఒకాయన. మనిషి దూలం మాదిరి. ఈడు... మనోని ఈడే. కాలు పట్టుకుంటానే కితకితలై నవ్వె. ఆ నవ్వు...”

“ఆ నవ్వు?”

“నీకు తెలుసు లే.”

“నాకు తెలుసు. నీకెట్లా తెలుసు?”

“ఏమే, నా తమ్ముడు గాదా?”

“సూరత్‌లో ఉండాడు గదప్పా.”

“గుచ్చద్దు, ఆంజినీ. ఆ కాలు చేతిలో పెట్టుకోని, మావాని కాలు ఎట్లుంటాదబ్బా అని తలుచుకుంటి. గుర్తు రాలే. ఒక్క కడుపున పుట్టినోళ్లం.”

“ఎడం కాల్లో చిటికెనేలి మీద పక్కేలు ఎక్కి కూచోనుంటాది.”

“నువ్వెప్పుడు చూస్తివి?”

“ఆయప్పకు గోర్లు ఎవురు తీస్తారనుకుంటివి? గుత్తి గంగాధరప్పా?”

“సరే. రేపు పొద్దున బస్సుకు యాడికికి పోతా. పిల్చుకోనొస్తా. పెండ్లిలో నా పక్కనే కూచుంటాడు.”

“వియ్యంకుడు అడిగితే?”

“నా తమ్ముడంటా.”

“సూరత్ నుంచి ఎప్పుడొచ్చినాడంటే?”

“అబద్ధం చెప్పినానంటా.”

“పెండ్లి తప్పిపోతే?”

“ఆ నీళ్ల చెంబు ఇట్లియ్యి.”

“నోట్లో సంగటి ముద్ద ఉండాదా? మింగి చెప్పు.”

“పోతే పోనీ. బిడ్డకు ఇంగో సంబంధం చూస్తాం. మల్ల వాన్ని దాచేది నా చేత గాదు. ఏమే, ఏడుస్తాండావా?”

“దగ్గు.”

“అదేం దగ్గే, కండ్లలో నుంచి?”

“నువ్వు యాడికికి పోబల్లేదు. ఆయప్ప ఆడ లేడు. నేను పంపలే.”

“పంపలేదా? మల్ల యాడుండాడు?”

“పెరట్లో. రంగు అద్దిన పట్టు ఎండేసి కాకులు తోలుతాండాడు.”

“ఓసి దొంగదానా! ఇంతసేపూ... ఆగు, ఆగు. నేను లేనప్పుడు గుత్తోళ్లు ఈడికేమన్నా వచ్చినారా?”

“వచ్చినారు. తాంబూలాలకు దినం మాట్లాడేదానికి.”

“ముత్యాలును లోపల కూచోబెడితివా?”

“యాడ? నేను పొయ్యి కాడుంటి. తలుపు తీసిందే ఆయప్ప. ‘నేను శ్రీరంగన్న తమ్ముని, ముత్యాలప్పని, రాండి’ అనె. వియ్యంకుని పక్కనే చాప మీద కూచోని, వియ్యంకునికని పెట్టిన వక్కాకు గూడా తానే నమిలె.”

“సచ్చినాం! గంగాధరప్ప ఏమనె?”

“ముత్యాలును ఏమీ అనలే. ఇంగో వక్కాకు చుట్టి చేతికిచ్చె. ఇద్దరూ కూచోని నమిలిరి.”

“అబ్బ! బతికిస్తివి. అయితే సంబంధానికి ఏమీ గాలే.”

“అయింది. దినం పెట్టుకోకుండానే లేచి పాయె.”

“ముత్యాలును ఏమీ అనలేదంటివే?”

“ముత్యాలును గాదప్పా, నిన్ననె. గడప కాడ నిలబడుకోని, ‘తోడబుట్టినోన్నే దాచినాయప్ప పెంచిన బిడ్డమ్మా ఇది. రేపు మా అమ్మ మంచాన పడితే యాడ దాస్తాదో’ అనె.”