పన్నెండో లైటు

పెద్దలారా, మిత్రులారా, ముందు వరుసలో కూర్చున్న వదినగారూ, తన కోసం ఇంతమంది వచ్చారని తెలిస్తే ఆయన సిగ్గుపడి వెనక గుమ్మంలోంచి జారుకునేవాడు. మన తారీఖుల గుమాస్తా పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నేను టంకం పనివాణ్ణి. పగిలిన గిన్నెలు అతకడం తప్ప మాట్లాడటం నాకు చేతకాదు. అయినా మాట్లాడాలి. మీకు నేను ఒక నిజం బాకీ ఉన్నాను.

పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్లు ఉత్తరాల మీద ముద్రలు చదివిన కళ్లు ఆయనవి. రిటైరయ్యాక ఆ కళ్లు పాత గ్యాసు లైట్ల మీద పడ్డాయి. పంపు కొట్టి వెలిగించే కిరసనాయిలు లైట్లు, కరెంటు లేని రోజుల్లో సభలకీ పెళ్లిళ్లకీ వెలిగినవి. లైటును బోర్లించి, టాంకు అడుగున బొటనవేలితో తడిమి, అది ఏ ఏడు తయారైందో చెప్పేవాడు. ఒకసారి పాతసామాన్ల వ్యాపారి ఎనభై ఏళ్ల నాటిదంటూ ఒకటి తెచ్చాడు. అడుగున ముద్ర కూడా ఉంది. ఈయన పంపు పిడి లాగి చూసి, "ముద్ర తాతది, పంపు మనవడిది. ముద్ర కొట్టినవాడెవడో తొందర్లో ఉన్నాడు" అన్నాడు. వ్యాపారి లైటును సంచిలో పెట్టుకున్నాడు. వదినగారు లోపల్నుంచి, "అన్నిటి వయసూ చెప్తారు, నా పుట్టినరోజు మాత్రం నన్నే అడుగుతారు" అన్నారు. అందరం నవ్వుకున్నాం.

గది నిండా అరవై మూడు లైట్లు. మనమంతా ఏమనుకున్నాం? పిచ్చి అనుకున్నాం. నిజమే, యాభై మూడు పిచ్చికొద్దీ కొన్నవే. కింది అరలో ఉన్న పది మాత్రం కాదు. వాటి టాంకులకు ఆయనే మేకుతో చిల్లులు పొడిచాడు. ఎందుకో మీలో ఎవరైనా అడిగారా?

ఏడేళ్ల క్రితం, ఒక మధ్యాహ్నం, రెండు లైట్లు పట్టుకుని నా కొట్టుకు వచ్చాడు. నా బల్ల మీద పక్కపక్కన బోర్లించాడు. కొన్న ప్రతి లైటునూ నీళ్లతొట్టిలో ముంచి పంపు కొట్టి చూడటం ఆయన అలవాటు. ఈ రెంటికీ అతుకు వెంబడి బుడగలు వచ్చాయట. "డబ్బా పుట్టింది ఒక ఏడు, అతుకు పుట్టింది ఇంకో ఏడు. అతుకు పక్కన ఈ మూడు చుక్కలు ఎవరివి?" అన్నాడు.

మూడు చుక్కలు నా కొట్టు గుర్తు.

మిత్రులారా, ఆ అతుకులు వేసిన ఏడాది తగరం దొరకలేదు. లైట్లు అద్దెకిచ్చే ఆసామి ఒకాయన పన్నెండు లైట్లు తెచ్చి, వారంలో కావాలన్నాడు. సీసం ఎక్కువ కలిపి అతికాను. పైన మంట, లోపల గాలి ఒత్తిడి. ఆ అతుకు ఎన్నాళ్లో నిలవదని నాకు తెలుసు. తెలిసే వేశాను. తర్వాత ఆ ఆసామి కొట్టు ఎత్తేశాడు. లైట్లు ఊరంతా చెదిరిపోయాయి.

ఆయన పేపర్లో ప్రకటన వేద్దామన్నాడు. నేను చేతులు పట్టుకున్నాను. "పరువు పోతుంది, పిల్లలున్నారు, మీకు దండం పెడతాను" అన్నాను. "సరే, నేనే ఏరుకొస్తాను" అన్నాడు. ఎవరికీ కారణం చెప్పలేదు. పిచ్చివాడన్న పేరు మోస్తూ ఇల్లిల్లూ తిరిగాడు. ఏడేళ్లలో పది దొరికాయి.

పదకొండోది నాటకాల హాల్లో కనిపించింది. రెండుసార్లు వెళ్లి అడిగాడు. నాటకం అయిపోయాక ఇస్తామన్నారు. వాళ్ల తప్పేముంది? వెలిగించవద్దనడానికి కారణం ఈయన చెప్పలేదు కదా. మూడోసారి వెళ్లేసరికి సాయంత్రం రిహార్సలు జరుగుతోంది. లైటు వెలుగుతోంది. దాని చుట్టూ తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. గాలి వదిలే మర తిప్పబోయాడు, బిగుసుకుపోయింది. లైటు అందుకుని పక్క గుమ్మంలోంచి బయటికి నడిచాడు. మూడో మెట్టు మీద అతుకు విడిపోయింది.

ఆ తొమ్మిది మందీ ఈ సభలోనే ఉన్నారు. వాళ్ల ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు.

ఆసుపత్రిలో రెండు రోజులు బతికాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంకోటి ఉంది. నాకిక వల్లకాదు, నువ్వు చూడు" అన్నాడు.

వదినగారూ, మీ ఇంటి దీపాన్ని ఆర్పింది నా అతుకు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఈ సభ అయ్యాక పోలీసు స్టేషనుకు వెళ్లి ఇదంతా రాసి ఇస్తాను.

కానీ మీ అందరినీ ఒకటి అడుగుతాను. ఆ పన్నెండోది ఇంకా ఎక్కడో ఉంది. మీ అటకల మీద, మీ బంధువుల ఇళ్లలో, అలంకారానికని ఏ హోటల్లోనో వేలాడుతూ ఉంది. ఎవరో ఒకరు ముచ్చటపడి పంపు కొడతారు. ఇవాళో, రేపో. పాత లైటు కనబడితే బోర్లించి చూడండి. మూడు చుక్కలుంటే వెలిగించకండి. నాకు కబురు పెట్టండి.

ఇక లేచి నిలబడండి. ఏడేళ్లపాటు నేను నోరు మూసుకున్నది నా కోసం. ఇప్పుడీ రెండు నిమిషాలు ఆయన కోసం.