గుడ్డ మీద సముద్రం

(ఫోటో స్టూడియో. భోజనాల వేళ, షట్టరు సగం దించి ఉంది. లోపల స్టూడియో యజమాని, అతని భార్య.)

“నవ్వకండి. ఒళ్ళు మండిపోతోంది నాకు.”

“నవ్వట్లేదే. మీ చెల్లెలు ఏమందో మళ్ళీ ఓసారి చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పాలి? సరదాగా సముద్రానికి వెళ్ళొద్దాం, నువ్వూ నేనూ, మన మొగుళ్ళూ అంది. ‘నువ్వు హనీమూన్‌కి వెళ్ళొచ్చిన చోటేగా అక్కా, ఎక్కడ దిగాలో ఏం చూడాలో నువ్వే చెప్పు, చవగ్గా తేలిపోవాలి’ అంది.”

“అయితే చెప్పు.”

“ఏం చెప్పను? ఆ మూల వేలాడే సముద్రం బొమ్మ గుడ్డ ముందు నిలబడ్డానని చెప్పనా? టేబుల్ ఫ్యాను పెట్టి నా జుట్టు ఎగరేశారని చెప్పనా?”

“ఆ ఫోటో చూసి మీవాళ్ళంతా మురిసిపోయారు. ఒక్కడికైనా అనుమానం వచ్చిందా? అదీ పనితనం!”

“ఏడిసింది మీ పనితనం! కొత్త పెళ్ళాన్ని సముద్రానికి తీసుకెళ్తున్నానని ఊరంతా చాటి, ఈ కొట్లోకి తీసుకొచ్చిన మగాడు లోకంలో మీరొక్కరే. తిరిగొచ్చే రోజు దాకా ఇంట్లో తలుపులేసుకుని కూచోబెట్టారు. కిటికీ కూడా తీయనిచ్చారు కాదు.”

“అప్పుడే పెట్టిన షాపు. చేతిలో చిల్లిగవ్వ లేదు. నువ్వూ ఒప్పుకున్నావుగా?”

“ఒప్పుకోక చస్తానా? ఒప్పుకుని ఇన్నేళ్ళూ కోతలు కోశాను. కెరటం వచ్చి చెప్పులు లాక్కుపోయిందని, నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయని. అదేమో నోరెళ్ళబెట్టుకుని వినేది, మొద్దుమొహం.”

“పోనీ, జ్వరమని చెప్పేయ్.”

“తగ్గాకే వెళ్దామంటుంది. జిడ్డు! అసలు దాని ప్లాను వినండి. వానాకాలంలో అయితే గదులు సగం ధరకే ఇస్తారట. గొడుగేసుకుని సముద్రం చూడాలన్నమాట! నలుగురికీ ఒకటే గది. స్టవ్వు కూడా పట్టుకొస్తుందట, అక్కడ కొనుక్కు తినడం దండగని.”

“అది మీ మరిది బుర్రే. పిల్లికి బిచ్చం పెట్టడు వాడు.”

“గురివింద గింజ కబుర్లు మీరు చెప్పకండి.”

“సరేలే. బీచికి దగ్గర్లో ఏదో ఒక లాడ్జి...”

“ఏదో ఒకటంటే? స్టేషన్లో దిగాక సముద్రం కుడివైపా, ఎడమవైపా?”

“ఎటైతేనేం... చప్పుడు వినబడుతుందిగా. అటే నడిస్తే సరి.”

“ఛీ! మిమ్మల్ని అడగడం నాది బుద్ధి తక్కువ. నీళ్ళ దగ్గరికి వెళ్ళి నేను బిక్కమొహం వేస్తే అది కనిపెట్టదా? కనిపెట్టి, ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంది. చెల్లెలి ముందు పరువు పోయాక ఇంక నేను తలెత్తుకోగలనా?”

“నవ్వదు.”

“మీకేం తెలుసు? అది అసలే మిడిసిపడుతుంటుంది. హనీమూన్ ఫోటోకి బారెడు ఫ్రేము కట్టించి గోడకి కొట్టుకుంది. ఎర్రటి ఆకాశం, ఎర్రటి నీళ్ళు, పక్కన ఆ తాటిచెట్టు మొగుడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించడం! అంత సముద్రం చూసొచ్చింది నన్నెందుకు అడగాలి, ఏడిపించడానికి కాకపోతే?”

“ఎర్ర కాగితం.”

“ఏంటి?”

“లైటుకి ఎర్ర కాగితం చుట్టాను. ఆకాశం, నీళ్ళు, అన్నీ ఎర్రబడ్డాయి.”

“ఏ లైటుకి?... ఏమండీ, మిమ్మల్నే! ఏ లైటుకి?”

“ఇదిగో, ఈ లైటుకే. పెద్దాడు పుట్టి నువ్వు ఆస్పత్రిలో ఉన్నావప్పుడు. మీ మరిది వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. ఉద్యోగం ఊడింది, హనీమూన్‌కి వెళ్ళకపోతే ఊళ్ళో తలెత్తుకోలేను, ఎలాగోలా గట్టెక్కించమన్నాడు.”

“ఓరి మీ దుంపతెగ! ఇద్దరూ ఇద్దరే, తోడుదొంగలు! అదే గుడ్డా?”

“ఉన్నది అదొక్కటేగా. నువ్వు పోల్చుకోకూడదనే ఎర్ర కాగితం.”

“అమ్మ వాళ్ళింట్లో రోజూ నా ఫోటో చూసే పిల్లని తీసుకెళ్ళి అదే గుడ్డ ముందు నిలబెట్టారా?”

“ఫ్యాను వేశాను. వెనక్కి తిరిగి ఆ కెరటం కేసి, ఆ కొబ్బరిచెట్టు కేసి చాలాసేపు చూసింది. ‘అక్క కూడా ఇక్కడే నిలబడిందా బావా?’ అంది. అవునన్నాను.”

“నవ్విందా?”

“లేదు. ‘నాకు తెలిసిందని అక్కతో అనకు’ అంది. అంతే.”

“అయితే... చెప్పులు కొట్టుకుపోయాయని నేను చెబుతుంటే...”

“వినేది.”

“అన్నీ తెలిసీ?”

“అన్నీ తెలిసే.”

“మరి ఇప్పుడు నన్నెందుకు దారి చూపించమంది, దొంగమొహంది?”

“దారి కోసం కాదే. మీ మరిది రెండుసార్లు టిక్కెట్లు కొనుక్కొస్తే, రెండుసార్లూ వెనక్కి ఇచ్చేయమందట. అక్క చూడని సముద్రం నాకూ వద్దందట.”