ముళ్ళు లేని నాగజెముడు

యూసుఫ్‌గూడలోని ఆ అద్దెగదిలో మైక్రోస్కోపు మీద వంగిన అమ్మాయి ఒక్కసారిగా లేచి గంతేసింది. గడపలో నిలబడ్డ ఇంటి ఓనరు ముసలామె ఒక అడుగు వెనక్కేసింది.

"మామ్మగారూ, ఫిల్మ్ నగర్ బండల్లో ముల్లన్నదే లేని నాగజెముడు దొరికిందండీ! ఇది కొత్త జాతైతే నాకు పరిశోధన సీటు ఖాయం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని బెంగుళూరు పోనక్కర్లేదు."

"అంటే గీడనే ఉంటవా బిడ్డా?"

"మీ గది వదిలితే ఒట్టు! ఒక్కటే చిక్కు. దాని లోపలి చుక్కల్లాంటి స్ఫటికాలూ, పుప్పొడీ అచ్చం పక్కనున్న ముళ్ళ నాగజెముడులాగే ఉన్నాయి."

ముసలామె గడప దాటి లోపలికొచ్చింది. తను నిజం చెప్పకపోతే ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతుంది.

"అది కొత్త జాతి గాదు బిడ్డా. పోయిన నెల పాట షూటింగ్ల హీరోయిన్‌కు గుచ్చుకోవద్దని, ఆ ఒక్క పొద ముండ్లన్నీ కూలికి పోయి నేనే పీకిన. రెండు దినాలు పట్టింది."

"మీరా! ఆ పొద మీది గాట్లు పురుగులు కొరికినవనుకున్నానండీ!"

"కోపం జెయ్యకు. పోతవా ఇగ?"

"కోపమెందుకు? మీరు నన్ను మోసం చేశారు గానీ మైక్రోస్కోపుని చెయ్యలేకపోయారు! ముళ్ళు పోయినా వంశం బయటపడింది చూడండి. మా సారుకి ఇదే చెప్తాను. సీటిస్తారో లేదో తెలీదు. ముళ్ళు పీకింది మీరేనని రేపొచ్చి సాక్ష్యం చెప్తారా?"

"రేపెందుకు? చెప్పులేసుకో, ఆటో పిలుస్త."