మోడెమ్ మీద పసుపు నీళ్ళు

"అవ్వా, నెట్టు పోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాండాది. మీ అంగట్లో అప్పుడు ఏం చేస్తాంటిరి?"

ఏం చేస్తాంటిమా? రోడ్డు దాటతాంటిమి తల్లీ! నవ్వొద్దు, నిజం. చింతామణిలో మీ తాతా నేనూ నెట్టు అంగడి పెట్టినప్పుడు ఫోనుకీ నెట్టుకీ ఒకటే లైను. మోడెమ్ అని ఒక డబ్బీ, మన పోపుల డబ్బీ అంత కూడా ఉండదు. అది కీ... గర్ర్... అని అరిసి అరిసి కలిసేది. కలవకపోతే కంపెనీకి ఫోన్ చేయల్ల. ఆ లైనులోనే ఫోన్ చేస్తే మోడెమ్ ఎట్ల కలుస్తాది? అందుకని ఎదురుగా ఎస్టీడీ బూతుకి పోయి, ఆడ మాట్లాడతా, మన అంగట్లో ఉండేవాళ్ళకి అరిసి చెప్తాంటిమి. నా గొంతు అప్పుడు... ఇప్పుడేముందిలే.

ఆ పొద్దు శుక్రవారం. మీ తాత బెంగళూరు పోయినాడు, కాదు కాదు, కోలారు, వాళ్ళ చెల్లెలింటికి. అంగట్లో నేనొక్కదాన్నే. పరగోడు అనే పల్లె నించి ఒకాయప్ప కూతుర్ని పిల్చుకొచ్చినాడు, పియుసి, అదే ఇంటరు, రిజల్టు చూడాలని. రత్న ఆ పాప పేరు. ఐదు గంటల లోపల మార్కుల కాగితం చింతామణి కాలేజీలో చూపిస్తేనే సీటు. లేకపోతే శిడ్లఘట్టలో పట్టు తీసే పనికి పంపిస్తానని ఆయప్ప ముందే చెప్పేసినాడంట. ఆ పాప కుర్చీ కొసకి కూర్చోని కదల్లా మెదల్లా.

మోడెమ్ కలవలా. బూతుకి పోయి కంపెనీకి చేస్తే ఒకమ్మ ఎత్తింది. కన్నడంలో మాట్లాడింది, మెత్తని గొంతు. "యా లైటు ఎలగతాండాది?" అని ఆయమ్మ అడిగితే నేను బూతు కాడ నించి "రత్నా, యా లైటు?" అని అరిసేది. ఆ పాప "మూడోది ఆరిపోయిందక్కా!" అనేది. నడమ లారీ వచ్చిందా, మళ్ళా మొదటి నించి!

"నీళ్ళేమన్నా పడినాయామ్మా?" అనింది ఆయమ్మ. "లేదమ్మా" అంటిని. అబద్ధం! పొద్దున్నే కంప్యూటరుకి కుంకం పెట్టి, అంగడంతా పసుపు నీళ్ళు చల్లి, మోడెమ్ మీద కూడా నాలుగు చుక్కలు... చుక్కలేంది, చేయి నిండా చల్లింటిని. చెప్తే నవ్వుతాదని సిగ్గు. నా సిగ్గుకి ఆయమ్మ అది పీకండి, ఇది పెట్టండి అని అరగంట ఊరికే కష్టపడింది. నాలుగున్నర అయింది. "పోదాం పామ్మా, బస్సుకి టైమయింది" అని ఆయప్ప లేచినాడు. ఆ పాప ఏడవలా. వంగి చెప్పులేసుకుంటాండాది. అది బూతులో నించి చూసి, మళ్ళా రిసీవరు చెవికి పెట్టుకొంటిని.

"తప్పయిందమ్మా, పసుపు నీళ్ళు చల్లినా" అని అనేసినా. నవ్వలా తల్లీ ఆయమ్మ. "మా అమ్మ కూడా మిక్సీ మీద చల్లుతాది. కరెంటు ఆపి, ఫోను వైరు పీకి, ఆ బొక్కలో దూదితో తుడిచి, ఫ్యాను కింద పెట్టండి" అనింది. రిసీవరు ఆడనే వదిలేసి పరిగెత్తినా. దూది యాడుండాది? దీపానికి చేసిన వత్తులుండాయి. ఒకటి తీసి తుడిస్తే పచ్చగా వచ్చింది! కాసేపు ఆరబెట్టి, మళ్ళా పెడితే కీ... గర్ర్... అని కలిసిపోయింది. ఫస్టు క్లాసు! కాగితం తీసిస్తే, ఆ పాప చెప్పులు చేతిలో పట్టుకోని పరిగెత్తింది, వెనకాలే వాళ్ళప్ప.

సీటొచ్చింది. ఇప్పుడు బాగేపల్లిలో టీచరు. నేను కనిపిస్తే చాలు, "అక్కా, మూడో లైటు!" అంటాది.

ఆ సంతోషంలో ఫోను మరిచిపోతిని చూడు. పోయేసరికి బూతులో రిసీవరు వేలాడతాండాది, ఆయమ్మ పెట్టేసింది. పేరు కూడా అడగలా నేను. శుక్రవారం దీపం పెట్టేటప్పుడు ఆయమ్మ బాగుండాలని అనుకుంటా, ఏం పేరని అనుకునేది?... "యాడున్నా సల్లగా నూరేండ్లు ఉండు తల్లీ" అని ఊరికే అంటా. ఇదో, నీ ఫోన్లో ఎవరో ఎత్తినట్టుండారు. ముందు ఆ మనిషి పేరడుగు.