ఎస్సైగారి రివాల్వర్

1999. రాజమండ్రిలో మానసిక వైద్యురాలు లలితాంబ క్లినిక్. ఎదురుగా ఎస్సై శ్రీనివాసరాజు భార్య సుప్రజ.

"...అదేనండి డాక్టర్‌గారూ, మావారు బాగానే ఉన్నారు. ఆ ఒక్కమాట మీరు ఎస్పీగారితో అంటే చాలు."

"బాగానే అంటే? నిద్రపోతున్నారా?"

"పోతున్నారండి. అంటే... పడుకుంటారండి."

"చూడు సుప్రజా. ఇసుక రేవులో బుల్లబ్బాయి అనే పడవ మనిషిని మీవారు కాల్చి చంపారు. కత్తితో మీదకొచ్చాడన్నారు. తూటా దిగింది వీపులో."

"ఆ సంగతులు నాకు తెలీదండి."

"తెలీదా?"

"ఇంట్లో స్టేషన్ మాటలు రావండి. డ్యూటీలో జరిగిందేగా. మావారికే ఎందుకండి ఈ పరీక్షలు?"

"మీవారొక్కరికే కాదమ్మా. కొత్త ఎస్పీగారు పెట్టిన పద్ధతి. ఎవరు కాల్చినా సరే, డాక్టరు మాట్లాడి సరేనన్నాకే మళ్ళీ రివాల్వర్ చేతికిచ్చి డ్యూటీకి పంపుతారు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఛాతీ కొలిచారు, పరుగు పెట్టించారు. కోపమొస్తే ఈ మనిషి ఏం చేస్తాడని ఎవరూ అడగలేదు. ఇప్పుడైనా అడగాలిగా?"

"కోపం... మగాళ్ళన్నాక ఉంటుందికదండి."

"నీమీద కూడానా?"

"రివాల్వర్ వచ్చేస్తే సర్దుకుంటారండి."

"నేనడిగింది అది కాదు."

"డ్యూటీకెళ్తే సర్దుకుంటారండి. ఇదివరకు పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే... తలుపులేసుకుని..."

"తలుపులేసుకుని?"

"నా వీపుమీద వేలు ఆనిస్తారండి. ఇక్కడ. 'ఆ బుల్లబ్బాయి ఇలాగే పరిగెత్తాడు, నువ్వూ పరిగెత్తు చూద్దాం' అంటారు. పరిగెత్తకపోతే ఊరుకోరు."

"సుప్రజా!"

"ఆయన్ని డ్యూటీకి పంపించెయ్యండి డాక్టర్‌గారూ. పంపించెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"లేమ్మా, లే. ముందు లే. ఇంత విన్నాక ఆ మనిషికి తుపాకీ ఇమ్మని ఎలా చెప్పను? రేవులో ఇంకొకడు పోతాడు. అసలు... నిన్న అతనితో మాట్లాడాక, పొద్దున్నే ఎస్పీగారికి ఫోన్ చేసి, ఇవ్వొద్దని చెప్పేశాను."

"చెప్పేశారా?"

"చెప్పేశాను."

"అయ్యో... మీ నోట సరే అనిపించుకుని రమ్మన్నారండి."

"ఎవరు? అతనే పంపాడా నిన్ను? ఎక్కడున్నాడిప్పుడు?"

"కిందేనండి. గేటు దగ్గర, బండి మీద."

"అయితే నువ్వు అటు దిగకు. వెనకవైపు మెట్లున్నాయి. మా ఆయా సూరమ్మ నిన్ను మా ఇంటికి తీసుకెళ్తుంది. ఈలోగా నేను ఎస్పీగారికి చెప్తాను. ఊఁ, పద."

"రాలేనండి."

"భయపడకు, నేనున్నాగా."

"నా భయం కాదండీ... పాప బండి మీద ఆయన ముందు కూర్చునుంది. నేను మంచి కబురుతో వస్తేనే కిందికి దింపుతానన్నారు."