చుక్కల వెనక

రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ళ క్వారీ. టైమ్‌కీపర్ ఎజ్రా క్యాబిన్. కంప్యూటర్లు బాగుచేసే సనావుల్లా దుబాయ్‌లోని డేరా నుంచి ఇప్పుడే వచ్చాడు.

“మళ్ళీ అదే భాయ్. పాస్‌వర్డ్ తప్పంటోంది.”

“ఏం కొట్టినావు ఎజ్రా?”

“మా పాప పేరే. సోనీ. వచ్చిన కాణ్ణుంచీ అదే.”

“నిన్న తెరుచుకుందా?”

“తెరుచుకుంది. సాయంత్రం అప్‌గ్రేడ్, అప్‌గ్రేడ్ అని ప్రాణం తీస్తుంటే సరే అని నొక్కాను. కొత్త లినక్స్ ఎక్కింది. పొద్దున్నుంచీ లోపలికి రానివ్వట్లేదు.”

“ఎవరడిగినా సరే అనేస్తావు బ్బా నువ్వు. ముందు ఆ నీలం టోపీ తియ్యి, ఏసీ ఉంది కదా. క్వారీ మొత్తానికీ నీకొక్కనికే ఇచ్చినారని గొప్పా?”

“ఉండనీ భాయ్. కానియ్యి. మధ్యాహ్నానికి హెడ్డాఫీసు వాళ్ళొచ్చి మిషన్ పట్టుకుపోతారు.”

“వీడియో దీంట్లోనే ఉందా?”

“నా లాగిన్‌లో. కెమెరా పెట్టెలోది చెరిగిపోయింది. ఇదొక్కటే.”

“భీమయ్య ఎండలో పడింది కనబడుతుందా?”

“కనబడుతుంది.”

“రూములో నిద్రలో పోయినాడని రాసినారు దొంగనాయాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని సర్కారు రూలు. నిద్రలో పోతే ఆ రూలు ఎవడడుగుతాడు? వాళ్ళ ఆడామె ఫోన్లో ఒకటే అడుగుతాంది, ఎట్ల పోయినాడన్నా అని.”

“నన్నూ అడిగింది.”

“ఏం చెప్పినావు?”

“ముందిది తెరువు భాయ్.”

“నీకంటే ముందు ఈ కుర్చీలో ఎవరుండిరి?”

“ఈజిప్టు క్లర్కు.”

“లోపలికి పోయినాక రోజూ కీబోర్డు ఇంగ్లీషుకు మార్చుకుంటాంటివా?”

“అవును. అరబ్బీలో పడుతుంటే మార్చుకునేవాణ్ణి.”

“అదీ సంగతి. పాస్‌వర్డ్ పెట్టిన్నాడు కూడా అరబ్బీలోనే ఉండింది. నువ్వు సోనీ అనుకుని కొట్టినావు, లోపల పడింది వేరే. కనబడేది చుక్కలే కదా, వాటి వెనక ఏముందో ఎవడు చూసినాడు? అప్‌గ్రేడ్ వచ్చి తలుపు దగ్గర కీబోర్డు ఇంగ్లీషుకు తిప్పింది. ఖలాస్.”

“అంటే నా పాస్‌వర్డ్ నాకే తెలీదా?”

“నీ వేళ్ళకు తెల్సు. మూలన అరబ్బీకి మార్చినా. కొట్టు.”

“వచ్చేసింది.”

“యల్లా, వీడియో పెట్టు.”

“నువ్వు చూడక్కర్లేదు భాయ్. ఒక ఫైలు మళ్ళీ ఎవరికీ దొరక్కుండా ఎలా చెయ్యాలో చెప్పు, చాలు.”

“దొరక్కుండానా? ఆ యమ్మకు పంపాలనే కదా పిలిచినావు. జరుగు.”

“భాయ్—”

“జరుగు బ్బా. ఇదో భీమయ్య. కూలబడినాడు. నీళ్ళడుగుతాండాడు. ఎవడో వచ్చి రెక్క పట్టి లేపుతాండాడు. వాచీ చూపిచ్చి మళ్ళా ఎండలోకే తోసినాడు. ఎవడీడు? టోపీ అడ్డం, మొగం కనబడల్యా. నీలం టోపీ.”

“తెలీదు. ఆపెయ్.”

“ఎజ్రా.”

“మేనేజరు చెయ్యమన్నదే చేశాడేమో వాడు. వాడికీ పిల్లలుంటారు. తుడిచెయ్ భాయ్.”

“ఇప్పుడన్నా ఆ నీలం టోపీ తియ్యి, ఎజ్రా.”